ఎకరం వంద కోట్లు: ఆ విలువలో దళితుల వాటా ఎక్కడ?

2023 ఆగస్టు 3న హైదరాబాద్ పడమటి శివారు కోకాపేటలో హెచ్‌ఎండీఏ భూములు వేలం వేసింది. నియోపొలిస్ లేఅవుట్‌లోని 45.33 ఎకరాలకు 3,319 కోట్ల రూపాయలకు పైగా వచ్చాయి. ఒక ప్లాటు ధర ఎకరం 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో పక్కనే ఉన్న రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోవడంతో ఆ రికార్డూ పాతబడింది.

ఎకరానికి 4,840 గజాలు. వంద కోట్ల ఎకరమంటే గజం రెండు లక్షలకు పైమాటే. బస్తీలో అరవై గజాల్లో రెండు గదులు వేసుకున్న కుటుంబం తన జాగాను ఈ లెక్కతో చూస్తే కోటీ పాతిక లక్షలు అవుతుంది. కానీ ఆ కుటుంబం చేతికి ఆ డబ్బు ఎన్నడూ రాదు. ఆ జాగా మీద వాళ్లకున్న కాగితం వేరు కాబట్టి.

నగరం పెరిగినప్పుడు భూమి ధర పెరుగుతుందని అందరికీ తెలుసు. పెరిగిన ధర ఎవరి జేబులోకి పోతుంది, ఎవరిని ఊరు దాటిస్తుంది అన్నదే ఇక్కడ మన ప్రశ్న. దాన్ని మార్కెట్ ఒక్కటే తేల్చడం లేదు. పట్టా రకం, ప్రభుత్వ ఉత్తర్వు, ఇంటి ఓనర్ అడిగే కులం కలిసి తేలుస్తున్నాయి. హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

జెంట్రిఫికేషన్ అంటే ఏమిటి?

ఈ మాటను 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్ గురించి రాస్తూ వాడారు. కార్మికులు ఉండే పేటల్లోకి మధ్యతరగతి వాళ్లు వచ్చి పాత ఇళ్లు కొని బాగుచేసుకోవడం, కిరాయిలు పెరగడం, చివరికి అక్కడి పాతవాళ్లెవరూ మిగలకపోవడం ఆమె గమనించారు. పేట అందంగా మారుతుంది, పేటవాళ్లు మాత్రం మారిపోతారు.

ఇది ఎందుకు కొన్ని చోట్లే జరుగుతుంది? 1979లో నీల్ స్మిత్ అనే భూగోళ శాస్త్రవేత్త దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఒక స్థలం మీద ఇప్పుడు వస్తున్న రాబడి ఒకటి. అదే స్థలాన్ని ఇంకోలా వాడితే రాగల రాబడి మరొకటి. ఈ రెంటికీ మధ్య తేడా ఎక్కడ బాగా పెరుగుతుందో పెట్టుబడి అక్కడికి పరిగెత్తుతుంది. తక్కువకు కొని ఎక్కువకు అమ్మడానికి అదే అనువైన చోటు.

ఇప్పుడు దీన్ని మన నేల మీదికి తెచ్చుకుందాం. లండన్‌లో ఇళ్లు పాతబడి, మరమ్మతులు లేక ధర పడిపోయింది. మన దగ్గర ఒక స్థలం ధర పడిపోవడానికి అది పాతబడక్కర్లేదు. "అమ్మరాదు" అని రాసి ఉన్న పట్టా చాలు. పత్రాలు లేని బస్తీ అయినా చాలు. దళితవాడ అన్న పేరు చాలు. ఈ మూడూ ఉన్న చోట ఇప్పటి ధర నేలకంటి ఉంటుంది. పక్కనుంచి ఔటర్ రింగ్ రోడ్డో మెట్రోనో పోతే రాబోయే ధర ఆకాశానికి లేస్తుంది. తేడా అన్నింటికంటే ఎక్కువ ఉండేది అక్కడే. అందుకే నగరం చెయ్యి చాచినప్పుడు ముందుగా అది తగిలేది మన భూములకే, మన బస్తీలకే.

మొదటి గేటు: అమ్మరాని పట్టా

భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చే భూమిని అసైన్డ్ భూమి అంటాం. తెలంగాణ పల్లెల్లో లావణి పట్టా అనే మాటా వినిపిస్తుంది. తెలంగాణ ప్రాంతంలో 1958 జులై 25న వచ్చిన జీవో 1406 తర్వాత ఇచ్చిన పట్టాల్లో, వారసులకు దక్కుతుంది గానీ అమ్మడానికి వీల్లేదన్న షరతు చేరింది. 1977లో ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అసైన్డ్ భూమిని ఎవరు కొన్నా ఆ కొనుగోలు చెల్లదు. అలా పోయిన భూమిని అధికారులు వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకే ఇవ్వాలి. అది కుదరనప్పుడే ప్రభుత్వం దగ్గర ఉంచుకోవాలి.

చట్టం ఉద్దేశం మంచిదే. దొర, షావుకారు అప్పు కింద పేదవాడి భూమి రాయించుకోకుండా ఆపడానికే అది వచ్చింది. కానీ నగరం దగ్గరికొచ్చేసరికి ఆ రక్షణ తిరగబడింది. ఎలాగో చూడండి.

ఒక ఊళ్లో పక్కపక్కనే రెండు చెలకలు ఉన్నాయనుకుందాం. ఒకటి సొంత పట్టా భూమి, రెండోది అసైన్డ్ భూమి. మట్టి ఒకటే, బావి నీళ్లు ఒకటే. ఊరి పక్క నుంచి పెద్ద రోడ్డు పడుతుందని మాట పుట్టింది. సొంత పట్టా ఉన్న రైతు దగ్గరికి పదిమంది కొనేవాళ్లు వస్తారు. అతను బేరం ఆడతాడు, ఆగుతాడు, ధర పెంచుతాడు. అసైన్డ్ పట్టా ఉన్న దళిత రైతు దగ్గరికి ఒక్క మధ్యవర్తే వస్తాడు. "ఇది ఎట్లాగూ అమ్మరాదు, సర్కారు గుంజుకుంటే నీకు గవ్వ రాదు, నాకిస్తే ఎంతో కొంత దక్కుద్ది" అంటాడు. తెల్లకాగితం మీద ఒప్పందం, ఒక జీపీఏ, చేతిలో కొంత రొక్కం. పిల్ల పెళ్లో ఆస్పత్రి బిల్లో ఉన్న మనిషి సంతకం పెట్టేస్తాడు.

ఆ తర్వాత రెండు దారులు. మధ్యవర్తికి పలుకుబడి ఉంటే భూమి ఎలాగోలా క్రమబద్ధం అవుతుంది, లాభం అతనిది. లేదా ప్రభుత్వం షరతు ఉల్లంఘించారంటూ భూమిని వెనక్కి తీసుకుంటుంది. చట్టం ప్రకారం అసలు పట్టాదారుకు తిరిగి ఇవ్వాల్సిన భూమి ప్రాజెక్టుల ఖాతాలోకి పోతుంది. ఏ దారిలో పోయినా నష్టపోయేది ఒక్కరే.

అసైన్డ్ భూములు ఇలా చేతులు మారుతున్న సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే వేసిన కోనేరు రంగారావు భూ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో పేదల భూముల అన్యాక్రాంతం గురించి వివరంగా రాసింది.

మరి ప్రభుత్వమే ప్రజావసరం పేరుతో అసైన్డ్ భూమిని తీసుకుంటే? "మేమిచ్చిన భూమే, మేమే తీసుకుంటున్నాం, పరిహారం ఎందుకు?" అన్నది చాలాకాలం అధికారుల వాదన. దీన్ని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం కొట్టేసింది. కేసు హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల డివిజన్‌దే. ప్రజావసరానికి అసైన్డ్ భూమిని తీసుకుంటే, సొంత పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కూడా "భూయజమాని" అనే మాటకిచ్చిన నిర్వచనంలో అసైన్డ్ భూముల మీద హక్కున్నవాళ్లను చేర్చింది.

తీర్పు ఉంది, చట్టం ఉంది. ఆచరణ ఎలా ఉందో చూడటానికి ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి కోసం 2015లో రూపొందించిన భూసమీకరణ నిబంధనలే చాలు. ఎకరం ఇచ్చిన సొంత పట్టాదారుకు అభివృద్ధి చేసిన నివాస స్థలం 1,000 గజాలు. అదే ఎకరం అసైన్డ్ అయితే 800 గజాలు. వాణిజ్య స్థలంలోనూ కోతే. తర్వాత ఈ నిబంధనల మీద సవరణలూ వివాదాలూ చాలా నడిచాయి. కానీ మొదటి కాగితం మీదే ప్రభుత్వం తన చేత్తో ఆ తేడా రాసింది. దళితుడి ఎకరం ఎకరం కంటే తక్కువని.

హైదరాబాద్ దక్షిణాన యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మాసిటీకి భూములు సేకరించినప్పుడు కూడా పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి తక్కువ రేటు అన్నదే రైతుల ఆగ్రహానికి ఒక ప్రధాన కారణం.

ఇక్కడ మన ఉద్యమాల్లోనే ఒక చర్చ ఉంది. అమ్మకం నిషేధాన్ని ఎత్తేస్తే సరిపోదా? ఆంధ్రప్రదేశ్ 2023లో చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన వ్యవసాయ భూములకు పూర్తి హక్కులు ఇచ్చింది. సమర్థించేవాళ్ల మాటలో న్యాయం ఉంది. మిగతా కులాల వాళ్లకున్న హక్కు మనకెందుకు ఉండకూడదు? వ్యతిరేకించేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. అప్పులు, రోగాలు అలాగే ఉండగా అమ్మే హక్కొకటే ఇస్తే ఉన్న భూమి కూడా చేజారదా?

ఈ చర్చ అమ్మాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతోంది. నిషేధం ఉన్నా భూమి పోతూనే ఉంది, తక్కువ ధరకు పోతోంది. కాబట్టి అడగాల్సింది వేరే ఉంది. భూమి ఎవరు తీసుకున్నా, ఎలా తీసుకున్నా, సొంత పట్టాదారుకు వచ్చినంత ధర రావాలి. అభివృద్ధి చేసిన స్థలంలో అంతే వాటా రావాలి. షరతు పేదవాణ్ని కాపాడటానికి పెట్టింది. ధర తగ్గించడానికి దాన్ని వాడకూడదు.

రెండో గేటు: బస్తీ

ఇక ఊరు వదిలి నగరంలోకి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని మురికివాడల జనాభాలో ఎస్సీలు 20.4 శాతం. మొత్తం పట్టణ జనాభాలో చూస్తే ఎస్సీలు 12.6 శాతమే. అంటే నగరాల్లోని దళితులు తమ జనాభా నిష్పత్తిని మించి మురికివాడల్లో ఉన్నారు. దేశంలోని ఏడు పెద్ద నగరాల వార్డుల లెక్కలను పరిశీలించి 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ఈ నగరాల్లో మనుషులు ఆర్థిక స్థాయిని బట్టి విడిపోయి ఉన్నదానికంటే కులాన్ని బట్టే ఎక్కువగా విడిపోయి ఉన్నారు. ఆ ఏడింటిలో హైదరాబాద్ ఒకటి. పట్నం పోతే కులం పోతుందన్న మాట ఇళ్ల విషయంలో నిజం కాలేదు.

బస్తీ అంటే రేకుల ఇళ్లూ మురుగు కాల్వలూ మాత్రమే కాదు. భాగ్యరెడ్డి వర్మ 1910లో దళిత పిల్లల కోసం బడి పెట్టింది ఇసామియా బజారులో. ఆది హిందూ ఉద్యమం పెరిగింది నగరం నడిబొడ్డున ఉన్న ఇలాంటి పేటల్లోనే. ఈనాటికీ బస్తీలో అంబేడ్కర్ విగ్రహం, సంఘం గది, చర్చి, దప్పుల బృందం, చిట్టీ గుంపు, కష్టమొస్తే తలుపు తట్టగలిగే నాలుగు ఇళ్లు ఉంటాయి. పనికి నడిచిపోయేంత దూరం ఉంటుంది. మున్సిపల్ సఫాయి పనివాళ్లు తెల్లవారకముందే హాజరు వేయించుకోవాలి. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు పొద్దున నాలుగు ఇళ్లు, సాయంత్రం రెండు ఇళ్లు చూసుకుంటారు. ఇల్లు పదిహేను కిలోమీటర్లు జరిగితే ఆ పని మొత్తం పోతుంది.

ఒకే నగరంలో, ఒకే పథకం కింద రెండు రకాల పనులు జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు కూల్చి, అదే స్థలంలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. జనం అక్కడే ఉన్నారు. పిల్లల బడి, పెద్దల పని మారలేదు. ఇది సాధ్యమేనని ప్రభుత్వమే చేసి చూపించింది.

2023 జూన్‌లో నగరం బయట, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్ల కాలనీ ప్రారంభమైంది. బహుళ అంతస్తుల భవనాలు, లిఫ్టులు ఉన్నాయి. ఇల్లు బాగుంది, ఊరే దూరం. జీహెచ్‌ఎంసీ పరిధిలో ఇళ్లను లాటరీ తీసి కేటాయించారు కాబట్టి, పాత బస్తీలోని ఇరుగుపొరుగు ఒకే చోటికి వెళ్లే వీలూ తక్కువ. పైగా ఈ ఇల్లు అమ్మడానికీ కిరాయికి ఇవ్వడానికీ వీల్లేదన్న షరతు ఉంది. అసైన్డ్ చెలక మీద ఉన్న షరతే మళ్లీ డబుల్ బెడ్‌రూం గోడల మీదికి ఎక్కింది. పని దొరక్క తిరిగి నగరంలోకి వచ్చి కిరాయికి ఉంటే, ఇల్లు ఖాళీగా ఉందని కేటాయింపు రద్దయ్యే ప్రమాదం.

మొదటి పద్ధతిలో నగరం నడిబొడ్డున ఉన్న స్థలం విలువ జనం దగ్గరే ఉంటుంది. రెండో పద్ధతిలో ఇల్లు జనానికి వస్తుంది, స్థలం విలువ వేరేవాళ్లకు పోతుంది. జెంట్రిఫికేషన్ గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదే.

మూసీ ఒడ్డున 2024 సెప్టెంబరు చివర్లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల ఇళ్ల గోడల మీద "ఆర్‌బీ-ఎక్స్" అని రాసిన గుర్తులు పడ్డాయి. నది గర్భంలో ఉన్న ఇల్లని దానర్థం. ఈ బస్తీల్లో దళితులు, ముస్లింలు, వెనుకబడిన కులాల వాళ్లు కలిసి ఉంటారు. కొన్ని కుటుంబాలను మలక్‌పేటలోనే ఉన్న డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. దగ్గర్లో ఇల్లిస్తే జనం వెళ్తారనడానికి అదొక రుజువు.

వరద భయం అబద్ధం కాదు. 1908 వరద ఈ నగరానికి మర్చిపోలేని గాయం. 2025 సెప్టెంబరులోనూ మూసీ నీళ్లు ఇదే మూసానగర్‌లోకి వచ్చాయి. ప్రాణాపాయం ఉన్నచోట ఉండమని ఎవరూ అనరు. కానీ పేదవాడి రేకుల ఇల్లు నదికి అడ్డమై, ఖాళీ చేసిన అదే ఒడ్డున రేపు రివర్ ఫ్రంట్ కింద హోటళ్లూ దుకాణాలూ వస్తే, అది వరద రక్షణ అవుతుందా, భూమి చేతులు మారడం అవుతుందా? ఈ ప్రశ్నకు ప్రాజెక్టు ప్రణాళికలోనే జవాబు దొరకాలి.

ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 2013 భూసేకరణ చట్టం, సేకరించే స్థలంలో మూడేళ్లకు పైగా నివసిస్తున్న పట్టణ కుటుంబాలను కూడా బాధిత కుటుంబాలుగా లెక్కిస్తుంది. వాళ్లకు పునరావాసం హక్కు. అందుకే బస్తీల దగ్గర "భూసేకరణ" అనే మాట వాడరు. "ఆక్రమణల తొలగింపు" అంటారు. మాట మారగానే హక్కు మాయమవుతుంది.

మూడో గేటు: టులెట్ బోర్డు

భూమి పోయింది, బస్తీ పోయింది. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న దళిత యువతీ యువకులకైనా మార్కెట్ తలుపు తెరుస్తుందా?

1917లో అమెరికా, ఇంగ్లండ్ చదువుల నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన డాక్టర్ అంబేడ్కర్‌కు ఆ ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పేరు మార్చుకుని ఒక పార్శీ సత్రంలో తలదాచుకున్నారు. సంగతి బయటపడ్డాక కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయన్ని వెళ్లగొట్టింది. ఒక పార్కులో కూర్చుని, చేసేది లేక బొంబాయి రైలెక్కారు. వెయిటింగ్ ఫర్ ఎ వీసాలో ఆయనే ఇది రాసుకున్నారు. జీతం ఉంది, డిగ్రీలున్నాయి, ఇల్లు లేదు.

నూరేళ్ల తర్వాత ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఒక పరీక్ష చేశారు. కిరాయి ఇళ్ల ప్రకటనలకు అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో ఫోన్లు చేయించారు, మనుషుల్ని పంపించారు. మిగతా వివరాలన్నీ సమానమే. 2015లో వెలువడిన ఫలితాల్లో అగ్రకుల పేర్లకు దాదాపు ఎక్కడా అడ్డంకి రాలేదు. దళితుల్లో చాలామందికి ఇల్లు లేదన్నారు, లేదా ఎక్కువ కిరాయో అదనపు షరతులో పెట్టారు. ముస్లింల పరిస్థితి ఇంకా కష్టం.

హైదరాబాద్‌లో ఇల్లు వెతికిన దళిత విద్యార్థి ఎవరికైనా ఆ ఫలితాలు కొత్తగా అనిపించవు. "ఓన్లీ వెజిటేరియన్స్" అన్న చిన్న అక్షరాలు తెలుసు. ఇల్లంతా చూపించి, అడ్వాన్స్ మాట్లాడి, చివర్లో "మీరేమోళ్లమ్మా?" అని అడగడం తెలుసు. సూటిగా అడగడానికి మొహమాటపడే ఓనర్లు ఇంటి పేరు అడుగుతారు, ఊళ్లో ఏ వైపు అని అడుగుతారు. జవాబు విన్నాక "మా అబ్బాయి వస్తున్నాడట, ఇల్లు మాకే కావాలి" అంటారు. వారం తర్వాత ఆ గేటుకు టులెట్ బోర్డు అలాగే వేలాడుతుంటుంది.

దీని ఖర్చు అవమానం ఒక్కటే కాదు. దొరికే ఇళ్లు తగ్గిపోతే బేరం ఆడే శక్తి పోతుంది. అదే గదికి ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది, ఆఫీసుకు దూరంగా పోవాల్సి వస్తుంది, కులం దాచుకుని భయంభయంగా బతకాల్సి వస్తుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో పనిమనిషిగా లోపలికి పోయే దారి ఒకటి, కిరాయిదారుగా పోయే దారి మరొకటి. మొదటి దారికి కులం అడ్డు రాదు.

కోకాపేటకు కొద్ది దూరంలోనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో రోహిత్ వేములతో పాటు హాస్టల్ నుంచి వెలివేసిన దళిత పరిశోధక విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఇల్లు నిరాకరించడమంటే ఏమిటో అంతకంటే సూటిగా చెప్పిన మాట లేదు.

చట్టం ఎక్కడ ఆగిపోతోంది?

రాజ్యాంగంలోని 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల వంటి చోట్ల కుల వివక్షను నిషేధిస్తుంది. ప్రైవేటు ఇంటి కిరాయి గురించి అందులో స్పష్టంగా లేదు. దేశంలో కిరాయి వివక్షను నేరుగా నిషేధించే కేంద్ర చట్టం లేదు. 2005లో ఒక పార్శీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, ఒక సమూహం తన సభ్యత్వాన్ని తమవాళ్లకే పరిమితం చేసుకునే నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం భూమి విషయంలో బలంగా ఉంది. సెక్షన్ 3(1)(ఎఫ్) దళితులకు కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడాన్నీ బదిలీ చేయించుకోవడాన్నీ నేరంగా చూస్తుంది. భయపెట్టి తీసుకున్న సమ్మతి, రికార్డులు తారుమారు చేయడం కూడా అక్రమమే. బలవంతపు జీపీఏల మీద వాడాల్సిన సెక్షన్ ఇది. సెక్షన్ 3(1)(జెడ్) ఇల్లు, ఊరు విడిచిపోయేలా చేయడాన్ని నేరమంటుంది. కానీ ప్రభుత్వ విధి నిర్వహణలో చేసిన చర్యకు ఇది వర్తించదని అక్కడే మినహాయింపు రాసి ఉంది. ఊరి పెత్తందారు వెళ్లగొడితే కేసు, బుల్డోజర్ వెళ్లగొడితే విధి నిర్వహణ.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, జలాశయాల్లోని అనధికార కట్టడాలకు అవి వర్తించవంది. నగరంలో పేదలకు మిగిలిన చోటు సరిగ్గా అక్కడే ఉంది. అలాంటి చోట కూడా 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు మనకు ఆధారం. ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ల జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని ఆ తీర్పు అంగీకరించింది.

మనం చేయగలిగినవి

భూమి పోతున్న ఊళ్లలో మొదటి పని కాగితాలు పోగు చేయడం. పట్టా తేదీ 1958 జులై 25కు ముందా తర్వాతా చూడాలి. ముందుదైతే అమ్మకం నిషేధం వర్తించకపోవచ్చు, దాని విలువ వేరు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో చూడాలి. భూమిని వెనక్కి తీసుకున్నామంటే ఆ ఉత్తర్వు, పంచనామా, పరిహారం లెక్కించిన తీరు సమాచార హక్కు కింద అడగాలి. పక్క సర్వే నంబరులోని సొంత పట్టాదారుకు ఎంత ఇచ్చారో కూడా అడగాలి. 2004 తీర్పుకు ప్రాణం పోసేది ఆ రెండో అంకే.

బస్తీల్లో కూల్చివేత మాట రాకముందే ఇంటింటి సర్వే చేసి పెట్టుకోవాలి. ఎన్నేళ్లుగా ఉంటున్నారు, కులం, పని ఎక్కడ, పిల్లల బడి ఎక్కడ, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, జీవో 58 కింద 125 గజాల లోపు జాగా క్రమబద్ధీకరణకు పెట్టుకున్న దరఖాస్తు, అన్నీ ఒక ఫైలులో ఉండాలి. నోటీసు వచ్చాక ఇవి వెతికే సమయం ఉండదు. నిర్వాసితుల్లో ఎస్సీలు ఎందరో ప్రభుత్వం చెప్పకపోతే ఆ సర్వేయే సాక్ష్యం.

విశ్వవిద్యాలయ విద్యార్థులు ఢిల్లీలో జరిగిన ఫోన్ పరీక్షను హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో చేయవచ్చు. సమాన ఉద్యోగం, సమాన కిరాయి, వేర్వేరు ఇంటి పేర్లు. మన తెలుగు నగరాల లెక్కలు మన చేతిలో ఉంటే కిరాయి వివక్ష నిషేధ చట్టం కోసం అడగడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

డిమాండ్లు కూడా ఈ మూడు గేట్ల దగ్గరే నిలబడాలి. అసైన్డ్ భూమికి సొంత పట్టా భూమితో సమాన ధర, అభివృద్ధి చేసిన స్థలంలో సమాన వాటా. బస్తీకి ఉన్నచోటే ఇల్లు, అది నిజంగా కుదరనప్పుడు పనికి నడిచిపోయేంత దగ్గర్లో, కూల్చకముందే, పూర్తి హక్కుతో ఇల్లు. కిరాయి మార్కెట్లో కులం అడిగితే శిక్ష పడే చట్టం.

కోకాపేట వేలంలో వచ్చిన వేల కోట్లు ఒక్క రోజులో పుట్టినవి కావు. రోడ్లు ప్రజల డబ్బుతో పడ్డాయి, నీళ్లు ప్రజల డబ్బుతో వచ్చాయి. అక్కడి అంతస్తులు లేపిన కూలీల్లో, ఊడ్చి శుభ్రం చేసే పనివాళ్లలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఈసారి వేలం వార్త చదివినప్పుడు ఎకరం ఎంత పలికిందన్న దగ్గర ఆగకండి. ఆ చుట్టుపక్కల అసైన్డ్ భూములు ఎన్ని ఉండేవి, అవి ఎంతకు పోయాయి, ఆ కుటుంబాలు ఇప్పుడు ఎక్కడున్నాయి అని అడగండి. సమాధానం కోసం ఒక సమాచార హక్కు దరఖాస్తు రాయండి.